1.7 వస్తే పాసా, ఫెయిలా? నా ఎక్స్చేంజ్ సెమిస్టర్ అనుభవం

"ఒకటి పాయింట్ ఏడా? పదికి ఒకటి పాయింట్ ఏడంటే ఫెయిలే కదా బాబూ!"

ఎగ్జామ్ బ్రాంచి కౌంటర్ అవతల కూర్చున్న సార్ నా జర్మనీ మార్కుల షీటు అటూ ఇటూ తిప్పి చూసి అన్న మాట ఇది. 2023 ఏప్రిల్ నెల. నా వెనక మెమోల కోసం ఇరవై మందిదాకా నిలబడి ఉన్నారు. గొంతు తగ్గించి, "సార్, అక్కడ 1.0 అంటే అందరికంటే పైన. 4.0 దాకా పాసు. 5.0 వస్తేనే ఫెయిలు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను పరీక్షగా చూశారు. "అంటే ఎక్కువొస్తే ఫెయిలా?" అన్నారు. లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆయన్ని అనడానికేం లేదు. ఇలాంటి కాగితం ఒకటి వస్తుందని ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు. నేను విమానం ఎక్కడానికి ముందు ఏడు ఆఫీసుల్లో సంతకాలు తీసుకున్నాను. ఆ ఏడింటిలో ఎగ్జామ్ బ్రాంచి లేదు.

మొదటినుంచి చెప్తాను.

మాది ఖమ్మం. హైదరాబాద్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివాను, 2020 బ్యాచ్. కరోనా బ్యాచ్ అన్నమాట, మొదటి ఏడాదిలో ఎక్కువ భాగం ఫోన్ తెరమీదే గడిచిపోయింది. సెకండియర్‌లో ఉండగా నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు. జర్మనీలోని ఒక యూనివర్సిటీతో మా యూనివర్సిటీకి ఎరాస్మస్ ప్లస్ (యూరోపియన్ యూనియన్ నడిపే ఎక్స్చేంజ్ ప్రోగ్రాం) కింద ఒప్పందం కుదిరిందనీ, రెండు సీట్లు ఉన్నాయనీ దాని సారాంశం. ఒక సెమిస్టర్ అక్కడ చదవాలి. ఫీజు ఎప్పటిలాగే ఇక్కడే కట్టాలి, అక్కడ ట్యూషన్ ఫీజు లేదు. యూరోపియన్ యూనియన్ అప్పట్లో నెలకు 850 యూరోల స్కాలర్‌షిప్ ఇచ్చేది, దూరాన్ని బట్టి ప్రయాణ ఖర్చులకు ఇంకో 820.

ఇంట్లో ఇది అర్థమయ్యేలా చెప్పడానికే వారం పట్టింది. మనవాళ్ళకు ఫారిన్ చదువంటే ఎంఎస్, ఎంఎస్ అంటే లోను, లోను అంటే అక్కడే ఉద్యోగం. ఆరు నెలలకు వెళ్ళి మళ్ళీ ఇదే క్లాసులో కూర్చోవడానికి వస్తానంటే నాన్నకు నమ్మకం కలగలేదు. "మళ్ళీ వచ్చేదానికి పోవుడెందుకురా?" అన్నారు. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు.

సెలక్షన్‌లో నేను మూడో స్థానంలో ఉన్నాను. మొదటి సీటు మా క్లాసు ఫస్టు ర్యాంకు అమ్మాయికి వచ్చింది, రెండోది ఈసీఈ అబ్బాయికి. పది రోజుల తర్వాత ఆ అమ్మాయి వద్దని రాసిచ్చింది. ఇంట్లో పంపలేదనుకున్నాం అందరం. ఎవరం అడగలేదు, నేనైతే అసలు అడగలేదు, ఎందుకంటే ఆ సీటు నాకొచ్చింది.

తర్వాత లర్నింగ్ అగ్రిమెంట్. ఈ ప్రోగ్రాంకు ప్రాణం ఈ కాగితమే. ఒకవైపు అక్కడ చదవబోయే సబ్జెక్టులు, మరోవైపు వాటి బదులు ఇక్కడ లెక్కలోకి తీసుకునే సబ్జెక్టులు రాస్తారు. కింద మూడు సంతకాలు ఉంటాయి: విద్యార్థిది, పంపేవాళ్ళది, తీసుకునేవాళ్ళది. యూరప్‌లో సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు, మన ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళకు 160, అంటే సెమిస్టర్‌కు సగటున 20. వాళ్ళ క్రెడిట్ అంటే విద్యార్థి మొత్తం కష్టపడే 25 నుంచి 30 గంటలు, ఇంట్లో చదివేదీ అందులోనే కలుస్తుంది. మనం క్లాసులో కూర్చున్న గంటల్ని లెక్కేస్తాం. ఈ తేడా వల్ల తర్వాత ఎంత గొడవ అయిందో చెప్తాను.

వీసా దగ్గర ఇంకో తమాషా జరిగింది. జర్మనీలో చదవాలంటే నెలకు ఇంత డబ్బు ఉందని చూపించాలి. 2022లో ఆ మొత్తం 861 యూరోలు. నా స్కాలర్‌షిప్ 850. నెలకు 11 యూరోలు తక్కువ! ఆరు నెలలకు 66. దానికోసం బ్లాక్డ్ అకౌంట్, అంటే డబ్బు ముందే వేసి నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా, తెరవాలన్నారు. ఆ అకౌంట్ తెరిచే ఖర్చే దాదాపు అంత అవుతుంది. యూరోపియన్ యూనియన్ తన డబ్బుతో పిలిపించుకుంటున్న విద్యార్థి దగ్గర బతకడానికి సరిపడా డబ్బు లేదని యూరప్‌లోని ఒక దేశం అనుమానించడం నాకిప్పటికీ వింతగానే ఉంటుంది. అక్కడి కోఆర్డినేటర్ మేడమ్‌కు మెయిల్ పెడితే, ప్రయాణపు డబ్బు కూడా కలిపి మొత్తం చూపిస్తూ ఇంకో లెటర్ పంపారు. దాంతో గట్టెక్కాను. పాస్‌పోర్టు చేతికి వచ్చేసరికి సెప్టెంబరు నెలాఖరు.

స్కాలర్‌షిప్ ఉంది కదా, ఖర్చేముంటుంది అనుకుంటారు. ఆ డబ్బు అక్కడికి వెళ్ళాక, అక్కడి బ్యాంకు ఖాతాలో పడుతుంది. టికెట్, ఇన్సూరెన్స్, హాస్టల్ డిపాజిట్, మొదటి నెల తిండి, అన్నీ ముందు మన జేబులోంచే పెట్టుకోవాలి. చిట్టీకి ఇంకా పది నెలలు ఉండగానే నాన్న పాడేశారు. ఎంత నష్టానికి పాడారో ఇప్పటికీ చెప్పరు.

అక్టోబరులో దిగాను. మున్సిపల్ ఆఫీసులో అడ్రసు నమోదు చేసుకుంటేగానీ బ్యాంకు ఖాతా ఇవ్వనన్నారు, ఖాతా లేనిదే స్కాలర్‌షిప్ రాదు, అడ్రసు నమోదుకు అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత. మొదటి విడత డబ్బు పడేసరికి నవంబరు సగం దాటింది. నాన్న చిట్టీ డబ్బు లేకపోతే ఏమయ్యేవాణ్ణో. ఆ చలికాలం ఉక్రెయిన్ యుద్ధం వల్ల గ్యాసు కొరత, ప్రభుత్వ భవనాల్లో హీటింగ్ 19 డిగ్రీలకు మించకూడదని రూలు పెట్టారు. లైబ్రరీలో జర్మన్లే కోట్లు విప్పకుండా చదువుకుంటుంటే ఖమ్మం నుంచి వెళ్ళినవాడి సంగతి వేరే చెప్పాలా?

వెళ్ళిన రెండో రోజే తెలిసిన ఇంకో విషయం. వెబ్‌సైట్లో ఇంగ్లీషు అని రాసి ఉన్న నా ఐదు సబ్జెక్టుల్లో రెండు, జియోటెక్నికల్, కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్, ఆ ఏడాది జర్మన్‌లో చెప్తున్నారు. నాకు జర్మన్‌లో వచ్చింది 'దయచేసి', 'క్షమించండి'. కోఆర్డినేటర్ మేడమ్ ఏమీ కంగారుపడలేదు. ఇలా ప్రతి ఏడాదీ జరుగుతుందట, అందుకే లర్నింగ్ అగ్రిమెంట్‌లో మధ్యలో మార్పులకు వేరే పేజీ ఉంటుంది. ఆ రెండిటి బదులు జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపులతో పనిచేసే సబ్జెక్టు), ఫ్లడ్ రిస్క్ మేనేజ్‌మెంట్ తీసుకున్నాను. మా హెచ్ఓడీ సార్ మెయిల్లోనే సంతకం పెట్టి పంపారు. అంతా సవ్యంగా ఉందనుకున్నాను.

ఆ ఫ్లడ్ రిస్క్ క్లాసు గురించి కొంచెం చెప్పాలి. 2021 జులైలో జర్మనీలో ఆర్ నది పొంగింది. 85 కిలోమీటర్ల చిన్న నది. ఒక్క రాత్రిలో ఆ లోయలో 130 మందికి పైగా చనిపోయారు. క్లాసంతా దాని చుట్టూనే తిరిగేది: హెచ్చరిక ఎవరు ఇచ్చారు, ఎవరికి చేరింది, విన్నవాళ్ళు ఎందుకు కదల్లేదు. మూడో వారం ప్రొఫెసర్ నన్ను అడిగారు, మీ దగ్గర ఎలా చేస్తారు అని. నేను వెళ్ళడానికి మూడు నెలల ముందే, 2022 జులై 16న, భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అదే పెద్దది. మా మేనమామ వాళ్ళు ఆ వారం మా ఇంట్లోనే ఉన్నారు.

బోర్డు మీద మూడు అంకెలు రాశాను. 43, 48, 53. మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు. మా జిల్లా వైపు చదువురాని ముసలమ్మకు కూడా ఈ అంకెలు తెలుసనీ, నలభై మూడు దాటిందంటే బియ్యం మూట అటక మీదికి పోతుందనీ, యాభై మూడంటే మనుషులు కూడా బయల్దేరతారనీ చెప్పాను. క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఆర్ లోయ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, తమ ఊళ్ళో నది ఎన్ని అడుగులుంటే ప్రమాదమో ఇంట్లో ఎవరికీ తెలియదని అంది. ఆ సెమిస్టర్ ప్రాజెక్టు మేమిద్దరం కలిసి చేశాం. నాకు 1.7 వచ్చింది అందులోనే. నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు దొరికినట్టనిపించింది, అయితే ఫోన్లో ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు.

మళ్ళీ కౌంటర్ దగ్గరకు వద్దాం.

అక్కడి పరీక్షలు ఫిబ్రవరి, మార్చిల్లో. ఇక్కడ తర్వాతి సెమిస్టర్ ఫిబ్రవరిలోనే మొదలైపోయింది. నేను మార్చి చివర్లో దిగేసరికి నా హాజరు సున్నా. 75 శాతం ఉండాలి, 65 దాకా అయితే కండోనేషన్ ఫీజు కట్టి బయటపడొచ్చు. రాత్రి జ్వరం వచ్చినా మిగతా రెండు నెలలు ఒక్క క్లాసు వదల్లేదు, 66 శాతంతో గట్టెక్కాను. ఎక్స్చేంజ్‌కు యూనివర్సిటీయే పంపి, వెళ్ళినందుకు యూనివర్సిటీయే ఆబ్సెంట్ వేసింది.

మార్కుల షీటు విషయంలో రెండు నెలలు తిరిగాను. ముందు 1.7 గొడవ. తర్వాత 30 క్రెడిట్ల గొడవ: "ఒక సెమిస్టర్‌లో ముప్పై ఎలా చేస్తావు, మా సాఫ్ట్‌వేర్ తీసుకోదు." ఆ తర్వాత అసలు గొడవ. సిలబస్ 70 శాతం కలిస్తేనే సమానమైన సబ్జెక్టుగా ఒప్పుకోవాలని మా దగ్గర రూలు. మూడు సబ్జెక్టులు కలిశాయి. జీఐఎస్‌ను ఓపెన్ ఎలెక్టివ్ కింద సర్దారు. ఫ్లడ్ రిస్క్‌తో కలిసే సబ్జెక్టు మా సిలబస్‌లో లేదు. లేని సబ్జెక్టుతో 70 శాతం కలవడం ఎలా? మార్చిన అగ్రిమెంట్ చూపించాను. "హెచ్ఓడీ గారు సంతకం పెట్టారు, బాగానే ఉంది. మాకు కాపీ రాలేదు కదా" అన్నారు. జియోటెక్నికల్ సప్లిమెంటరీలో రాసుకోమన్నారు, ఫ్లడ్ రిస్క్‌ను సరదాగా చదువుకున్నట్టు అనుకోమన్నారు. నిజంగా వాడిన మాటే, సరదాగా.

ఆ రాత్రి కోపంలో జర్మనీ మేడమ్‌కు పొడుగాటి మెయిల్ రాశాను. ఆమె జవాబులో సోఫియా కొర్రాడి అనే ఇటలీ ఆవిడ కథ రాశారు. 1957లో రోమ్‌లో లా చదువుతూ ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళిందట. అక్కడ మాస్టర్స్ చేసి తిరిగొచ్చి ఆ చదువును లెక్కలోకి తీసుకోమని అడిగితే, సొంత యూనివర్సిటీ ఆఫీసువాళ్ళు అందరి ముందూ కసురుకుని పంపేశారట. ఆ అవమానం మర్చిపోలేక 1969లో ఒక ప్రతిపాదన రాసి, దాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగింది. 1987లో 11 దేశాలు, 3,244 మంది విద్యార్థులతో ఎరాస్మస్ మొదలైంది. ఆమెను 'మమ్మా ఎరాస్మస్' అంటారు. 2025 అక్టోబరులో చనిపోయారని వార్త చూసినప్పుడు ఆ మెయిల్ మళ్ళీ తీసి చదువుకున్నాను. మెయిల్ చివర మేడమ్ ఒక వాక్యం రాశారు: కోపం పోకముందే కాగితం మీద పెట్టు, అని.

పెట్టాను. నాలుగు పేజీలు, తేదీలతో సహా. సప్లిమెంటరీ ఫీజు రసీదు కూడా జతచేశాను. డీన్ ఆఫీసులో ఇచ్చి మర్చిపోయాను. ఆరు నెలల తర్వాత, 2023 చివర్లో, ఒప్పందం మళ్ళీ రాసుకునే సమయం వచ్చినప్పుడు నియమాలు సవరించడానికి చిన్న కమిటీ వేశారు, విద్యార్థుల తరఫున నన్నూ ఈసీఈ అబ్బాయినీ పిలిచారు. రెండో మీటింగ్‌లో నేను అడిగింది ఒక్కటే: సీటు వదులుకున్న మా ఫస్టు ర్యాంకు అమ్మాయిని కూడా పిలవమని. "వెళ్ళని అమ్మాయి ఏం చెప్తుంది?" అన్నారు ఒకరు.

ఆ అమ్మాయి వచ్చి చెప్పింది. ఇంట్లో పంపకపోవడం కాదు కారణం. ఆమె చదువు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడుస్తోంది. దానికి 75 శాతం హాజరు ఉండాలి. ఆరు నెలలు ఇక్కడ ఆబ్సెంట్ పడితే ఆ డబ్బు ఆగిపోతుందా అని ఆఫీసులో అడిగితే ముగ్గురు మూడు జవాబులు చెప్పారు. ఒక్కరూ కాగితం మీద రాసివ్వలేదు. టికెట్ డబ్బు ముందు పెట్టుకోవడం రెండో సమస్య, వాళ్ళ నాన్నకు పాడుకోవడానికి చిట్టీ కూడా లేదు. ఐదు నిమిషాల్లో ఇదంతా చెప్పి కూర్చుంది. నేను ఏడాదిన్నరగా ఆమె సీట్లో వెళ్ళొచ్చిన సంగతే చెప్పుకుంటూ తిరుగుతున్నాను. అప్పటిదాకా ఆ గదిలో మాట్లాడినదంతా వెళ్ళొచ్చినవాళ్ళ కష్టాలే.

ఆరోజు నుంచి మీటింగులు దారిలో పడ్డాయి. ఎక్స్చేంజ్‌లో ఉన్న విద్యార్థిని 'ఆన్ డ్యూటీ' కింద చూపి హాజరు ఇవ్వాలన్నది ముందు తేలింది. అగ్రిమెంట్ మీద విమానం ఎక్కకముందే ఎగ్జామ్ బ్రాంచి సంతకం ఉండాలి, మధ్యలో మారిస్తే పదిరోజుల్లో వాళ్ళకు కాపీ చేరాలి. టికెట్‌కు యూనివర్సిటీ అడ్వాన్సు ఇచ్చి, స్కాలర్‌షిప్ వచ్చాక తిరిగి తీసుకోవాలన్నదానికి ఫైనాన్స్ వాళ్ళు చాలా రోజులు ఒప్పుకోలేదు. చివరికి సగం ఇస్తామన్నారు. నా 70 శాతం రూలు మాత్రం కదల్లేదు. సిలబస్ కలవాలనే పట్టుబట్టారు. కాకపోతే మనదగ్గర లేని సబ్జెక్టులు రెండిటిని ఎలెక్టివ్ కింద తీసుకోవచ్చని ఒక వాక్యం చేర్చారు. నాకు లాభం లేదు, నా జియోటెక్నికల్ అప్పటికే రాసేశాను.

ఒక పెద్ద ప్రొఫెసర్ గారు, ఇన్ని తిప్పలెందుకు, అంతా ఆన్‌లైన్‌లో పెట్టేస్తే ఖర్చూ ఉండదు, వీసా గోలా ఉండదు కదా అన్నారు. మేం ముగ్గురం కరోనా బ్యాచ్. ముగ్గురం ఒకేసారి వద్దన్నాం. అయితే ఆ అమ్మాయి ఇంకో మాట కలిపింది: ఆరు నెలలు వెళ్ళలేనివాళ్ళకు ముందు ఆన్‌లైన్‌లో క్లాసులు, తర్వాత రెండు వారాలు అక్కడ, అలాంటివి కూడా చూడమని. యూరప్‌లో అలాంటి చిన్న ప్రోగ్రాంలు నడుస్తున్నాయి. మినిట్స్‌లో రాసుకున్నారు, అంతే. విద్యార్థుల క్రెడిట్లు ఆన్‌లైన్‌లో ఒకచోట జమచేసే క్రెడిట్ బ్యాంకు వచ్చింది కదా, అదే చూసుకుంటుందని ఇంకొకరు అన్నారు. అందులో చేరేది ఇక్కడి సంస్థల క్రెడిట్లు, జర్మనీ క్రెడిట్లు ఇక్కడి సంస్థ ఒప్పుకున్నాకే కదా అందులోకి వెళ్ళేది!

అటునుంచి ఇటు ఎవరూ రాకపోవడం గురించి అందరికంటే తక్కువ మాట్లాడుకున్నాం. ఎక్స్చేంజ్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం. ఒప్పందంలో వాళ్ళవైపు నుంచి కూడా ఒక సీటు ఉంది, రెండేళ్ళూ ఖాళీగానే ఉంది. మా సబ్జెక్టుల జాబితా వెబ్‌సైట్లో ఉండదు, పరీక్షల తేదీలు పరీక్షలకు ముందు తెలుస్తాయి. వాళ్ళు ఏం చూసి వస్తారు? ఫ్లడ్ రిస్క్ ప్రాజెక్టు చేసిన ఆ అమ్మాయికి భద్రాచలం చూడాలని ఉండేది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో మా వీధి మునిగినప్పుడు మొదటి మెసేజ్ ఆమెదే. "మీ నదికి ఎన్ని అడుగులు?" అని.

కొత్త ఒప్పందాల్లో పోలండ్‌ను కలిపారు. అక్కడ చలికాలం సెమిస్టర్ ఫిబ్రవరిలో అయిపోతుంది కాబట్టి మన క్యాలెండర్‌తో కొంచెం సర్దుబాటవుతుంది. గ్రేడ్ల పట్టిక తయారుచేసే పని నాకు అప్పగించారు. జర్మనీ వాళ్ళు బయటి మార్కుల్ని మార్చుకోవడానికి బవేరియన్ ఫార్ములా అని ఒకటి వాడతారు. దాన్ని తిరగేసి ఒక పేజీలో వేశాను. ఆ లెక్కన నా 1.7 మన పదికి 8.6. ప్రింటు తీసి ఎగ్జామ్ బ్రాంచి కౌంటర్‌లోని ఆ సార్‌కు స్వయంగా ఇచ్చాను. ఆయన టేబుల్ అద్దం కింద వెంకటేశ్వరస్వామి ఫోటో పక్కన పెట్టుకున్నారు. తర్వాతిసారి వెళ్ళినప్పుడు చూస్తే దానిమీద ఎర్ర పెన్నుతో ఆయనే రాసుకున్నారు: "చిన్న నంబరే పెద్ద మార్కు." వెళ్ళేముందు టీ తాగి వెళ్ళమన్నారు.

2025 మార్చిలో ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా జూనియర్ అబ్బాయి ఫోన్ చేశాడు. పోలండ్ వెళ్ళొచ్చిన మొదటి బ్యాచ్. గొంతులో టెన్షన్.

"అన్నా, నాకు మూడింటిలో 5.0 వచ్చింది. కౌంటర్‌లో సార్ మీ పట్టిక చూపించి ఫెయిల్ అంటున్నారు."

పోలండ్‌లో 5 అంటే ఫస్టు, 2 అంటే ఫెయిలు. ఆ సంగతి పట్టికలో రాయడం మర్చిపోయాను. సార్‌కు ఫోన్ ఇమ్మన్నాను.